మానాల్సింది కెఫీనా, కాఫీనా? మత నియమాలు, బదులు పానీయాలు, వరంగల్ చాయ్ గ్లాసు

క్లుప్తంగా: కాఫీ వద్దనే మతాలన్నీ ఒకే కారణంతో వద్దనవు. కొన్నింటికి అభ్యంతరం కెఫీన్ మీద, కొన్నింటికి కాఫీ అనే పానీయం మీదే. అందుకే ఒకరికి చెల్లిన డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) మరొకరికి చెల్లదు. మామూలు రోజుల్లో చెల్లిన బార్లీ కాఫీ ఏకాదశి నాడు చెల్లదు. ఉత్తర తెలంగాణలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ రోజూ తాగేది కాఫీ కాదు, చాయ్. కాఫీ రుచికి దగ్గరగా ఉండే పొడి దొరికినా ఇక్కడి అలవాటుకు అది సగం జవాబే.

హనుమకొండలోనో కాజీపేటలోనో ఇంటికి చుట్టం వస్తే ఐదు నిమిషాల్లో చాయ్ వస్తుంది. "చాయ్ తాగను" అంటే "పోనీ కాఫీ తాగుతరా?" అని అడుగుతారు. అదీ వద్దంటే పాలల్లో చాక్లెట్ రంగు పొడి కలిపి తెస్తారు. వచ్చినవారు మత నియమం వల్ల వద్దన్నారని, ఆ నియమం కెఫీన్ గురించేనని అనుకుందాం. అప్పుడు ఈ మూడు గ్లాసుల్లో ఏదీ పనికిరాదు. చాక్లెట్ రంగు పొడిలో కోకో ఉంటుంది, కోకోలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది. అదే నియమం కాఫీ, టీల పేరు మీద ఉంటే మూడో గ్లాసు హాయిగా తాగవచ్చు. గ్లాసు అదే, తాగే మనిషి నియమాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ తేడా తెలియకుండా "కెఫీన్ లేని కాఫీ ఏది?" అని వెతికితే అయోమయమే మిగులుతుంది.

నియమం ఒకటే అనిపిస్తుంది, కారణాలు వేరు

కాఫీని స్పష్టంగా వద్దనే సంప్రదాయాల్లో మూడు మన దగ్గర కనిపిస్తాయి. మొదటిది మోర్మన్లుగా పేరుపడిన లేటర్ డే సెయింట్స్ సంఘం. 1833లో సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించిన ఆరోగ్య నియమంలో "వేడి పానీయాలు" వద్దని ఉంది. అంటే కాఫీ, టీ అని సంఘం తర్వాత అర్థం చెప్పింది. అందులో కెఫీన్ అన్న మాటే లేదు. ఉండే వీలూ తక్కువే, ఎందుకంటే జర్మన్ రసాయన శాస్త్రవేత్త రూంగె కాఫీ గింజల నుంచి ఆ పదార్థాన్ని వేరు చేసి అప్పటికి పదిహేనేళ్లు కూడా కాలేదు. కెఫీన్ వాడకాన్ని తాము నిషేధించలేదని సంఘం 2012లో చెప్పింది. చల్లటి కాఫీ అయినా కాఫీయేనని, గ్రీన్ టీ అయినా టీయేనని 2019లో స్పష్టం చేసింది. కాబట్టి వీరిలో ఒకరు కోలా తాగి, కెఫీన్ తీసేసిన కాఫీని పక్కన పెడితే అందులో వైరుధ్యం లేదు.

రెండోది సెవెన్త్ డే అడ్వెంటిస్టులు, శనివారాన్ని సబ్బాతుగా, అంటే విశ్రాంతి దినంగా, పాటించే క్రైస్తవులు. వీరి లెక్క దాదాపు తలకిందులు. 1863 నుంచి సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ చేసిన ఆరోగ్య బోధనల్లో కాఫీ, టీలను నరాలను రెచ్చగొట్టే పదార్థాలుగా చూశారు. ఇప్పటికీ సంఘం కెఫీన్ ఉన్న పానీయాలన్నింటికీ దూరంగా ఉండమనే సలహా ఇస్తుంది. ఇక్కడ అసలు అభ్యంతరం పేరు మీద కాదు, లోపలి పదార్థం మీద. అందుకే కోలా వీరికి ఇబ్బంది. డీకాఫ్ విషయంలో మాత్రం కొందరు సర్దుకుంటారు, కొందరు సర్దుకోరు.

మూడోది ఇస్కాన్, అంటే హరే కృష్ణ భక్తుల సంస్థ. దీక్ష తీసుకునే భక్తులు పాటించే నాలుగు నియమాల్లో మత్తు పదార్థాలు వద్దన్నది ఒకటి, టీ, కాఫీ దాని కిందికే వస్తాయి. మనసును కుదిపే అలవాటు వద్దన్నది దీని తర్కం. ఆ తర్కాన్ని సాగదీసి చాక్లెట్ కూడా మానేసే భక్తులు ఉన్నారు.

వీటి పక్కనే కొంతకాలపు నియమాలు ఉంటాయి. అయ్యప్ప మాల 41 రోజుల దీక్షలో చాయ్ తాగవచ్చా అన్నది గురుస్వామి మాటను బట్టి ఉంటుంది. జైనుల్లో కాఫీ కంటే పెద్ద ప్రశ్న దుంపలది. నేలలోంచి పెకిలించిన దుంపలు, వేళ్లు ముట్టనివారికి కాఫీకి ప్రసిద్ధమైన బదులు చికోరీయే అడ్డం వస్తుంది. అది వేరు నుంచి తీసిన పొడి. ఎండిన శొంఠిని మాత్రం జైనుల్లో చాలామంది అంగీకరిస్తారు. ఇస్లాంలో కాఫీకి నిషేధం లేదు. 1511లో మక్కాలో ఒక అధికారి కాఫీని నిషేధించినా అది నిలవలేదు. పైగా యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర ఆపుకోవడానికే కాఫీ తాగేవారు. ఒక సంప్రదాయంలో భక్తికి అడ్డమైన గుణమే మరో సంప్రదాయంలో భక్తికి తోడైంది.

రెండో రోజు తలనొప్పి ఎందుకు

మెదడు పనిచేస్తున్న కొద్దీ అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది తన గ్రాహకాలకు, అంటే మెదడులో కబురు అందుకునే చోట్లకు, అతుక్కుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆకారం దానికి దగ్గరగా ఉంటుంది. అది వెళ్లి అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, అంతే. కెఫీన్ ఒంటికి కొత్త శక్తి ఇవ్వదు, అలసట కబురు అందకుండా ఆపుతుంది. రోజూ ఇలా ఆపుతుంటే మెదడు గ్రాహకాలను పెంచుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తే ఆ పెరిగిన గ్రాహకాలన్నీ అడెనోసిన్‌కు దొరుకుతాయి. తలలో రక్తనాళాలు విప్పారుతాయి, తలనొప్పి మొదలవుతుంది.

ఇది సాధారణంగా మానిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదిరి, రెండు నుంచి తొమ్మిది రోజుల్లో తగ్గుతుంది. రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగే మనిషి మాల వేసుకున్న రోజే పూర్తిగా మానేస్తే, రెండో రోజు తల పగిలిపోయేది దీని వల్లే. ఆ తప్పు కొత్తగా మొదలుపెట్టిన రాగి జావ మీదనో శొంఠి మీదనో పడుతుంది. వారం పది రోజుల ముందు నుంచే రోజుకు ఒక గ్లాసు చొప్పున తగ్గించుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు. రంజాన్ నెలకు ముందు పగటి చాయ్ తగ్గించుకునేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఇంకో సంగతి: తలనొప్పి మాత్రల్లో కొన్నింటిలో కెఫీన్ కలిపి ఉంటుంది. నియమం కెఫీన్ మీదే అయితే మాత్ర వెనుక రాసింది చదవాలి.

డీకాఫ్‌లో మిగిలేది

240 మిల్లీలీటర్ల మామూలు కాఫీలో సుమారు 95 మిల్లీగ్రాముల కెఫీన్, అంతే టీలో దాదాపు సగం, గ్రీన్ టీలో 30 వరకు ఉంటాయి. మన చాయ్ గ్లాసు చిన్నది కాబట్టి ఒక్కోసారి చేరేది ఇంతకంటే తక్కువ, కానీ గ్లాసుల లెక్క ఎక్కువ. గ్రీన్ టీలో కెఫీన్ ఉండదన్న నమ్మకం గట్టిగా ఉంది, అది తప్పు. "తులసి టీ" పేరుతో వచ్చే ప్యాకెట్లలోనూ కొన్నింటిలో తేయాకు కలిసి ఉంటుంది. పైగా తులసిని పూజకే ఉంచి, మరిగించడానికి ఇష్టపడని వైష్ణవ భక్తులు ఉన్నారు. వారికి ఆ ప్యాకెట్ రెండు విధాలా కుదరదు.

డీకాఫ్ అంటే పచ్చి కాఫీ గింజల నుంచి, వేయించక ముందే, కెఫీన్‌ను లాగేసినది. జర్మన్ వ్యాపారి రోసెలియస్ 20వ శతాబ్దం మొదట్లో దీన్ని బెంజీన్‌తో మొదలుపెట్టాడు. బెంజీన్ హానికరమని తేలాక వేరే ద్రావకాలు, నీళ్లు, ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్ వాడుకలోకి వచ్చాయి. ఏ పద్ధతిలోనూ కెఫీన్ పూర్తిగా పోదు. ఒక కప్పులో రెండు నుంచి పదిహేను మిల్లీగ్రాముల దాకా మిగలవచ్చు. ఆరోగ్యం కోసం తగ్గించుకునేవారికి ఇది లెక్కలోకి రాదు. నియమం కోసం మానేవారికి ఆ కాస్త కూడా ప్రశ్నే. డీకాఫ్ మీద వచ్చే వాదనల్లో ఎక్కువ భాగం ఈ రెండు కొలతలను కలిపేయడం వల్లే వస్తున్నాయి.

ఆస్పత్రి నుంచి అంగడికి: గింజల కాఫీ

ధాన్యపు గింజలతో, వేళ్లతో కాఫీ లాంటిది చేసుకోవడం మొదట మతం వల్ల రాలేదు, పన్నుల వల్ల, యుద్ధాల వల్ల వచ్చింది. 1781లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కాఫీ వేయించడాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం చేశాడు. దొంగచాటుగా వేయించేవారిని వాసన పట్టి దొరకబుచ్చుకోవడానికి మాజీ సైనికులను వీధుల్లో తిప్పాడు. 1806లో నెపోలియన్ బ్రిటిష్ సరుకులను అడ్డుకోవడంతో ఐరోపాలో కాఫీ కరువై చికోరీ వేళ్లు పొయ్యి మీదికెక్కాయి.

మతం చేతిలో ఇది వ్యాపారంగా మారింది అమెరికాలో. మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్‌లో అడ్వెంటిస్టులు 1866లో ఒక ఆరోగ్య కేంద్రం పెట్టారు, 1876 నుంచి దాన్ని డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ నడిపించాడు. అక్కడ రోగులకు కాఫీ బదులు వేయించిన ధాన్యపు పానీయం ఇచ్చేవారు. 1891లో అక్కడ రోగిగా చేరిన సి.డబ్ల్యు. పోస్ట్ అదే దారిలో ఆలోచించి, గోధుమ, గోధుమ తవుడు, చెరుకు మడ్డి కలిపి వేయించిన పోస్టమ్‌ను 1895లో అంగట్లో పెట్టాడు. కాఫీ నరాలను పాడుచేస్తుందని భయపెట్టే ప్రకటనలతో అది విపరీతంగా అమ్ముడుపోయింది. జర్మనీలో మొలకెత్తిన బార్లీ కాఫీ, ఇటలీలో బార్లీ ఎస్ప్రెసో, పోలండ్‌లో "ఇంకా" (Inka) అనే పేరుతో అమ్మే ధాన్యపు పొడి ఇదే కుటుంబానికి చెందినవి.

వీటికి కాఫీ వాసన ఎలా వస్తుంది? గింజలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసినప్పుడు గోధుమ రంగు, కాల్చిన వాసన పుడతాయి. రొట్టె అంచుకు, పల్లీలకు, కాఫీకి ఆ కమ్మదనం వచ్చేది ఈ చర్య నుంచే. కాఫీ చేదులో కెఫీన్ వాటా కొంతే, మిగతా చేదు వేయించినప్పుడు పుట్టే ఇతర పదార్థాలది. అందుకే కెఫీన్ లేని గింజ కూడా చేదుగా, కమ్మగా ఉండగలదు.

చికోరీ ప్యాకెట్ మీద ఏముంది

చికోరీ వేరులో కెఫీన్ అసలు లేదు. దాంట్లోని ఇన్యులిన్ అనే పిండిపదార్థం వేయించినప్పుడు పాకంలా మారి, ముదురు రంగు, తియ్యటి చేదు ఇస్తుంది. మన దేశంలో గుజరాత్‌లోని జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లోని ఏటా (Etah) జిల్లా వైపు ఇది పండుతుంది. నీళ్లలో కాఫీ పొడి కంటే రెట్టింపు కరుగుతుంది కాబట్టి డికాక్షన్ చిక్కగా దిగుతుంది. కాఫీ కొలత ప్రకారం వేస్తే చేదెక్కుతుంది, సగం చాలు.

అసలు ఇబ్బంది కొనే దగ్గర వస్తుంది. వరంగల్ కిరాణా కొట్లో "చికోరీ కాఫీ" అని అడిగితే వచ్చేది సాధారణంగా కాఫీ, చికోరీ కలిపిన పొడి. భారతీయ ఆహార ప్రమాణాల ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలి. అంటే ఆ పేరుతో అమ్మేదాంట్లో సగానికి పైగా కాఫీయే. నియమం ఉన్నవారికి కావాల్సింది "100 శాతం చికోరీ" అని రాసి ఉన్నది. విడిగా కొన్న పొడి మీద అనుమానం ఉంటే ఒక గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు చల్లి చూడవచ్చు. కాఫీ పొడి కాసేపు తేలుతుంది, చికోరీ రంగు గీతలు వదులుతూ వెంటనే మునుగుతుంది.

చికోరీ అందరికీ పడదు. ఇన్యులిన్ ఎక్కువైతే కడుపులో గ్యాస్ పడుతుంది. వయ్యారిభామ, చేమంతి ఉన్న మొక్కల కుటుంబానికే చికోరీ చెందుతుంది. ఆ మొక్కలకు అలర్జీ ఉన్నవారు కొద్దిగా తాగి చూడటం మేలు. వేయించిన పదార్థాల్లో ఏర్పడే, క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని అనుమానించే అక్రిలమైడ్‌కు ఐరోపా యూనియన్ పెట్టిన సూచిక స్థాయి కిలోకు వేయించిన కాఫీలో 400 మైక్రోగ్రాములు, ధాన్యపు కాఫీలో 500, చికోరీలో 4,000. చికోరీలో అది ఎక్కువగా ఏర్పడుతుందని ఒప్పుకున్న అంకె ఇది. భయపడాల్సిన పని లేదు, కానీ "కాఫీ కాదు కాబట్టి ఎంతైనా తాగవచ్చు" అన్న మాట మాత్రం నిలవదు.

మన గింజలతో

ఉత్తర తెలంగాణలో బార్లీ పండదు. మక్కలు, జొన్నలు పండుతాయి, ఆదిలాబాద్ వైపు సోయా పండుతుంది, రాగులు ప్రతి కొట్లో దొరుకుతాయి. కొరియాలో వేయించిన మక్కజొన్న గింజలను మరిగించి ఇంటింటా తాగుతారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో కాఫీ దొరకక సోయా గింజలు, బెండ గింజలు వేయించుకున్నారు. అంటే ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే సరుకులోనే దీనికి ముడిసరుకు ఉంది.

మరి ఇక్కడ గింజల కాఫీ ఎందుకు పుట్టలేదు? గింజ ఇక్కడ తిండిగానే గ్లాసులోకి వచ్చింది. జొన్న అంబలి, రాగి జావ కడుపు నింపడానికి. అవి చిక్కగా, పిండిగా ఉంటాయి. కాఫీకి కావాల్సింది పలుచటి డికాక్షన్, కాల్చిన వాసన. రాగి మాల్ట్ పేరుతో అమ్మేది మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పిండి. దోరగా అంటే జావకు సరిపోతుంది, కాఫీకి చాలదు. అయితే మొలకెత్తినప్పుడు గింజలో చక్కెరలు విడుదలవుతాయి. అలాంటి రాగులనే పిండి పట్టక ముందు మందపాటి మూకుడులో సన్నటి మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయిస్తే, మొలకెత్తని రాగుల కంటే బాగా కాఫీ వాసన వస్తుంది. జర్మన్ బార్లీ కాఫీ కిటుకు కూడా ఇదే. నల్లబడితే మాత్రం బూడిద రుచి వస్తుంది. బరకగా పట్టి, గ్లాసుకు రెండు చెంచాలు వేసి ఐదు నిమిషాలు మరిగించి వడకడితే డికాక్షన్ సిద్ధం.

ఇస్కాన్ భక్తులకు ఇక్కడ ఒక పట్టింపు ఉంది. ఏకాదశి నాడు ధాన్యాలు, పప్పులు నిషిద్ధం. రాగి, బార్లీ, మక్క, సోయా, గోధుమ ఏ కాఫీ అయినా ఆ రోజు పనికిరాదు. నెలకు రెండు రోజులు వచ్చే ఈ మినహాయింపును పట్టించుకోకుండా "భక్తులకు అనువైన మిలెట్ కాఫీ" అని ప్రకటిస్తే అది సగం నిజమే. గోధుమ, బార్లీలలో గ్లూటెన్ ఉంటుంది, రాగి, జొన్న, మక్కల్లో ఉండదు. గ్లూటెన్ పడనివారికి స్థానిక గింజలే మేలు.

కసిందతో చెలగాటం వద్దు

పల్లెల్లో, రోడ్ల పక్కన, వానాకాలం తర్వాత పసుపు పూలు పూసి సన్నటి కాయలు కాసే కసింద చెట్టు ఉంటుంది. దీని గింజలను వేయించి కాఫీలా తాగే అలవాటు అనేక దేశాల్లో ఉంది, ఇంగ్లిష్‌లో దీన్ని కాఫీ సెన్నా అనే అంటారు. వాట్సాప్‌లో తిరిగే "అడవి కాఫీ" చిట్కాలు దీన్ని మేలైనదిగా చెప్తాయి. అది ప్రమాదం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా వానలు తగ్గాక పిల్లలు చనిపోవడానికి మొదట మెదడువాపు కారణమనుకున్నారు. పరిశోధించిన వైద్యులు పిల్లలు ఈ గింజలు తిన్నారని, వాటి విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీసిందని 2000వ దశకంలో గుర్తించారు. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి మరణాల్లోనూ ఈ మొక్క పేరు వచ్చింది. వేయిస్తే విషం తగ్గవచ్చు, కానీ ఇంట్లో ఎంత వేయిస్తే చాలో కొలిచే దారి లేదు. ఆకుకూరగా తినే తగిరిస దీనికి దగ్గరి బంధువు, పోలిక దగ్గర పొరపాటు పడటం తేలిక. ఏ కారణంతోనైనా కసింద గింజలను పానీయానికి వాడకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు నిల్వ పెట్టకూడదు.

తంగేడు పువ్వు వేరే సంగతి. బతుకమ్మలో పేర్చే ఈ పువ్వును ఎండబెట్టి కషాయం కాస్తారు, కెఫీన్ ఉండదు. రక్తంలో చక్కెర తగ్గిస్తుందని దీన్ని షుగర్ ఉన్నవారే ఎక్కువగా తాగుతారు. మందులు వాడుతూ తాగేవారు డాక్టర్‌కు చెప్పి తాగాలి.

చాయ్ స్థానంలో ఏది కూర్చుంటుంది

కాఫీ బదులు పొడులు తయారు చేసేవారు అనుకునే వినియోగదారు పొద్దున ఫిల్టర్ కాఫీ తాగే మనిషి. వరంగల్‌లో ఆ మనిషి తక్కువ. ఇక్కడ వదులుకోవాల్సింది పాలు, చక్కెర, అల్లం, యాలకులతో మరిగిన తియ్యటి వేడి గ్లాసును, రోజుకు నాలుగుసార్లు నలుగురితో నిలబడి తాగడాన్ని. ఆ స్థానానికి కాల్చిన చేదు కంటే ఘాటు దగ్గర. అందుకే శొంఠి, ధనియాలు, మిరియాలు, యాలకులు కలిపి కాచిన పాలు ఇక్కడ చికోరీ కంటే త్వరగా అలవాటవుతాయి. మోర్మన్, ఇస్కాన్ నియమాలకు ఇది అడ్డం రాదు. అడ్వెంటిస్టుల్లో మాత్రం మిరియాల్లాంటి ఘాటు మసాలాలు వద్దనుకునేవారు ఉన్నారు. ఏకాదశి ఉపవాసంలో మసాలాల పట్టింపు ఉన్నవారు పచ్చి అల్లం, మిరియాలతో సరిపెట్టుకుంటారు. పచ్చి అల్లాన్ని ముందు నీళ్లలో మరిగించాకే పాలు పోయాలి, లేకపోతే అల్లంలోని ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది. బెల్లం వేసేవారు దించాక వేయాలి.

ఇక మిగిలింది బయట తాగే గ్లాసు. రాగి జావ, అంబలి బండ్లు పొద్దున నడకకు వచ్చేవారి కోసం నిలబడి, ఎండెక్కేసరికి వెళ్లిపోతాయి. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు బయట, బస్టాండు దగ్గర మరిగేది చాయ్ ఒక్కటే. పాలు అడిగినా చాయ్ వడకట్టిన జాలీతోనే వడకడతారు, నియమం గట్టిగా ఉన్నవారు అక్కడే ఆగిపోతారు. రాగి మాల్ట్ చేసి అమ్ముకునే మహిళా సంఘాలకు కొత్త పొడి కంటే ఈ సాయంత్రం వేళే పెద్ద అవకాశం. విడిగా ఒక గిన్నె, విడిగా ఒక జాలీ, శొంఠి పాలు నింపిన ఒక ఫ్లాస్కు, ఏమేమి వేశారో రాసిన ఒక అట్టముక్క ఉంటే చాలు, ఆ గ్లాసు ఎవరికి చెల్లుతుందో తాగేవారే చదువుకుని తేల్చుకుంటారు.